అడవిలో కప్పల్నీ పాముల్నీ లెక్కపెట్టే పనికి మామూలు మనుషులు పనికొస్తారా?

మీరు అడిగింది ఇది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, బీకాం చదివి ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తున్నారు. కొండపల్లి అడవిలో కప్పలు, పాములు, బల్లుల లెక్కకు పరిశోధకులు వాలంటీర్లను వెంట తీసుకెళ్తారని స్నేహితురాలు చెప్పింది. వెళ్లాలని ఉంది. కానీ పాములంటే భయం, జంతుశాస్త్రం ఒక్క ముక్క రాదు, రాత్రిపూట అడవి అంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. "నాలాంటి వాళ్లు వెళ్తే వాళ్లకు నిజంగా సాయమా, లేక అడ్డమా?" అన్నారు.

సాయమే. మొహమాటానికి అంటున్న మాట కాదిది. నేను విజయవాడ భవానీపురంలో ఉంటాను, బ్యాంకులో గుమస్తా ఉద్యోగం. నేనూ జంతుశాస్త్రం చదవలేదు. 12 ఏళ్లుగా వానాకాలంలో కొండపల్లి వైపు, అప్పుడప్పుడు కొండవీడు వైపు ఈ పనికి వెళ్తున్నాను. ఇన్నేళ్లలో ఒక్క పామును కూడా చేత్తో పట్టుకోలేదు, పట్టుకోమని ఏ శాస్త్రవేత్తా నన్ను అడగలేదు. భయం ఉన్నవాళ్లు కాలు చూసుకుని వేస్తారు, రాయి కింద చెయ్యి పెట్టరు, చెప్పిన మాట వింటారు. బృందం నడిపేవాళ్లకు అసలు టెన్షన్ పెట్టేది భయం లేనివాళ్లే.

ఈ పనిలో పరిశోధకులకు కొరత ఉన్నది దేనికో తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది. వాళ్లకు చదువుంది, పరికరాలున్నాయి. లేనిది రోజులు. హైదరాబాద్ నుంచో తిరుపతి నుంచో ఒక పరిశోధకురాలు వస్తుంది, గెస్ట్‌హౌస్‌లో నాలుగు రోజులు ఉంటుంది. ఆ నాలుగు రోజులూ ఎండ కాస్తే ఏం చేస్తుంది? కప్పలకు మన క్యాలెండర్ తెలియదు. మే నెలంతా మట్టిలో దాక్కుని, మృగశిర కార్తెలోనో ఆరుద్రలోనో మొదటి గట్టి వాన పడిన రాత్రి బయటికొస్తాయి. కొన్ని జాతుల సందడంతా ఆ రెండు మూడు రాత్రుల్లోనే అయిపోతుంది. దానికోసం రైలు టికెట్టు ముందే బుక్ చేసుకోవడం ఎవరివల్లా కాదు. సాయంత్రం ఆఫీసులో ఉండగా మబ్బు పట్టింది చూసి, రెయిన్‌కోటు వేసుకుని బండి తీయగలిగేది ఇక్కడ ఉండేవాళ్లే.

ఆ రాత్రి ఎలా ఉంటుందో చెప్తాను. కొండపల్లి గుట్టల కింద, ఇబ్రహీంపట్నం దాటాక, వాన నీళ్లు నిలిచే ఒక పల్లం ఉంది. నిన్నటిదాకా నెర్రెలు విచ్చిన మట్టి. వాన వెలిసిన గంటకు మోకాలి లోతు నీళ్లు. గట్టు మీద నుంచి టార్చి వేస్తే నీళ్లలో నిమ్మపండు పసుపు రంగులో ఏవో తేలుతున్నాయి. ప్లాస్టిక్ కవర్లేమో అనుకున్నాను మొదటిసారి చూసినప్పుడు. అవి మగ బోదురు కప్పలు. ఏడాదంతా బురద పచ్చగా ఉండేవి ఆ కొద్ది రోజులు మాత్రం అలా పసుపు తిరుగుతాయి. గొంతుకు రెండు వైపులా ముదురు నీలం సంచులు ఉబ్బుతాయి. ఉబ్బినప్పుడల్లా పక్కనున్న నీళ్లు వణుకుతాయి. ఆ మోతలో పక్క మనిషి మాట వినపడదు. ఆ మోతలోనే ఇంకా సన్నగా, దువ్వెన పళ్ల మీద గోరుతో గీసినట్టు ఒక చప్పుడు వస్తుంది. అది బొటనవేలి గోరంత చిన్న కప్పది. మేక అరుపులాంటిది ఇంకొకటి, నీళ్ల మీద బెలూనులా ఉబ్బి తేలే కప్పది. చెట్టు కొమ్మ మీద నుంచి చెక్క తట్టినట్టు టక్ టక్‌మనేది చెట్టు కప్ప. కళ్లతో మూడు జాతులు కనిపిస్తే చెవులతో ఆరు దొరుకుతాయి.

అందుకే వాలంటీరుకు మొదట నేర్పేది వినడం. చాలా దేశాల్లో వాడే పద్ధతే ఇక్కడా నేర్పుతారు. పొద్దుగుంకిన అరగంట తర్వాత ఒకచోట నిలబడాలి. టార్చి ఆపేసి, ఒక నిమిషం ఊరుకుని, ఆ తర్వాత ఐదు నిమిషాలు వినాలి. ఒక్కో జాతికి ఒక అంకె వేయాలి. ఏమీ వినపడకపోతే 0. ఒక్కొక్క కప్పనూ విడివిడిగా లెక్కపెట్టగలిగితే 1. అరుపులు ఒకదాని మీద ఒకటి పడుతున్నా ఇంకా వేరు చేయగలిగితే 2. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియని గోల అయితే 3. అంతే. జంతుశాస్త్రం డిగ్రీ అక్కర్లేదు, చెవి కావాలి. సంగీతం నేర్చుకున్నవాళ్లు, పొలం గట్ల మీద పెరిగినవాళ్లు ఇందులో చాలా త్వరగా ముందుకెళ్తారు.

ఇందాక 0 అన్నాను కదా, ఈ జవాబులో నేను మీకు చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి ఆ సున్నాలోనే ఉంది.

మొదటి రెండేళ్లు నేను ఒక డైరీ రాశాను. ఏ రోజు ఏం చూశానో, ఎక్కడ చూశానో, ఫొటో నంబరుతో సహా. గర్వంగా ఒక పరిశోధకురాలి చేతిలో పెట్టాను. ఆవిడ ఓపిగ్గా అన్ని పేజీలూ తిప్పి ఒక్క ప్రశ్న అడిగారు. "ఏమీ కనిపించని రోజులు ఏవండీ?" అవి రాయలేదు. ఏమీ కనిపించని రోజున ఏం రాస్తాం అనుకున్నాను. రెండేళ్లలో ఎన్నిసార్లు వెళ్లానో, ఎన్ని గంటలు వెతికానో, ఎంతమందిమి ఉన్నామో ఆ డైరీలో లేదు. కాబట్టి రెండో ఏడు చెట్టు కప్పలు తక్కువగా ఉన్నాయంటే, నిజంగా తగ్గాయో, నేను తక్కువసార్లు వెళ్లానో తేల్చే దారి లేదు. ఆవిడ నొచ్చుకునేలా ఏమీ అనలేదు. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, లెక్కలోకి మాత్రం రాలేదు.

దీని వెనక లెక్క చాలా సులువు. ఒక గుంటలో ఒక రకం కప్ప నిజంగా ఉందనుకోండి. మనం వెళ్లిన మూడుసార్లలో ఒకసారే అది కంటపడే రకం అనుకుందాం. ఒక్కసారి వెళ్లి "లేదు" అని వచ్చేస్తే, అది ఉండి కూడా మనకు దొరక్కపోయే అవకాశం మూడింట రెండు వంతులు. నాలుగుసార్లు వెళ్లి నాలుగుసార్లూ సున్నా వేస్తే ఆ అవకాశం నూటికి 20కి పడుతుంది. ఎనిమిదిసార్లు వెళ్తే నూటికి 4. అంటే ఎనిమిదోసారి కూడా విసుక్కోకుండా వెళ్లి వేసిన సున్నాకు, ఆ కప్ప ఇక్కడ లేదని చెప్పగలిగే బలం వస్తుంది. ఆ బలం ఒక్క మంచి ఫొటోకు రాదు. మీరు రోజంతా ఆడిటర్ గారి దగ్గర పద్దులు చూస్తారు కదా, ఖాళీ వదిలిన గడికీ సున్నా వేసిన గడికీ తేడా మీకు నేను చెప్పాలా?

అందుకే ప్రతిసారీ నోట్‌బుక్‌లో ముందు రాయాల్సింది జంతువు పేరు కాదు. తేదీ, చోటు, మొదలుపెట్టిన టైము, ఎంతమంది, ఆకాశం ఎలా ఉంది, ఆఖరి వాన ఎప్పుడు పడింది, ఉష్ణోగ్రత, గాలిలో తేమ. ముగించిన టైము. ఇద్దరు రెండు గంటలు వెతికితే నాలుగు గంటల శ్రమ అని లెక్క. ఆ తర్వాతే ఏం కనిపించిందీ ఏం కనిపించలేదూ.

ఎప్పుడో ఎవరో రాసిపెట్టి ఉండాల్సింది రాయకపోతే ఏమవుతుందో బోదురు కప్పనే చూడండి. కప్ప కాళ్లు విదేశాల్లో తింటారని ఒకప్పుడు మన దేశం నుంచి పెద్ద ఎత్తున ఎగుమతి చేసేవారు. 1987లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆ తర్వాత కప్పలు కోలుకున్నాయా, ఎంత కోలుకున్నాయి? మా గుట్టల కింద పల్లం గురించి ఈ ప్రశ్న వేస్తే జవాబు లేదు. 1987కు ముందు అక్కడ ఎన్ని అరిచేవో ఏ నోట్‌బుక్‌లోనూ లేదు. ఊళ్లో పెద్దవాళ్లు "అబ్బో, అప్పట్లో నిద్ర పట్టేది కాదు" అంటారు. వాళ్ల మాట నేను నమ్ముతాను. కానీ ఆ మాటను ఈ ఏటి అంకె పక్కన పెట్టి తూచలేం. ప్రపంచమంతటా 8,000కు పైగా ఉభయచర జాతుల్ని పరిశీలించి, ప్రతి ఐదింటిలో దాదాపు రెండు ప్రమాదంలో ఉన్నాయని 2023లో తేల్చారు. సరీసృపాల్లో ఐదింటిలో ఒకటి అని అంతకు ముందు ఏడాది తేల్చారు. అలాంటి పెద్ద అంకెలు కూడా చివరికి ఎక్కడో ఒక గుంట దగ్గర ఎవరో రాసిన కాగితాల మీదే నిలబడతాయి.

ఇక పేర్ల సంగతి. "నాకు పేర్లే తెలియవు" అని దిగులు పడుతున్నారు. మన పేర్లకు ఒక చరిత్ర ఉంది. 1780ల్లో విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రసెల్ కోరమాండల్ తీరం పాముల మీద 1796లో బొమ్మలతో ఒక పుస్తకం వేశాడు. అందులో చాలా పాములకు స్థానికంగా పిలిచే తెలుగు పేర్లే రాశాడు. ఇవాళ ప్రపంచమంతా రసెల్ పేరుతో పిలిచే రక్తపింజర ఆ పుస్తకంలో "కాటుక రేకుల పొడ". కట్లపాముల జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన బంగారస్ అన్న పేరు మన "బంగారు" నుంచి వచ్చిందే. పాముల్ని ఎరిగి, ఆ పేర్లు ఆయనకు చెప్పినవాళ్ల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. వాలంటీర్ల పని కొత్తగా పుట్టింది కాదు, ఇక్కడే పుట్టిందని కూడా నేను అంటాను.

అయితే ఊరి పేర్లతో ఒక చిక్కుంది. బోదురు కప్ప అని ఒక ఊళ్లో దేన్నంటారో పక్క ఊళ్లో దాన్ని అనరు. కొందరు ఒంటి మీద పొక్కులుండే కప్పను కూడా అదే పేరుతో పిలుస్తారు. అందుకని ఊరి పేరు రాయండి, దాంతోపాటు ఫొటో తీయండి, తెలియకపోతే "తెలియదు" అని రాయండి. "తెలియదు, ఫొటో 14" అన్నది చాలా మంచి ఎంట్రీ. ఊహించి రాసిన పేరు మాత్రం తర్వాత ఎవరో ఒకరు కూర్చుని ఏరాల్సి వస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, దీంట్లో నేనే తప్పు చేశాను కాబట్టి బాగా గుర్తుంది. ఓ రాత్రి పాడుబడిన గోడ పగుల్లో నల్లటి పాము, ఒంటి మీద తెల్లటి పట్టీలు. అందరం వెనక్కి జరిగాం. నేను వెంటనే "కట్లపాము" అని రాసేశాను. తర్వాత పెద్ద స్క్రీన్ మీద ఫొటో పెట్టి చూపించారు. పట్టీలు మెడ దగ్గర నుంచే వెడల్పుగా మొదలై తోక వైపు వెళ్లేకొద్దీ మాసిపోతున్నాయి. కట్లపాముకు అలా ఉండవు. తల వెనక కొంత మేర నల్లగా వదిలేసి, సన్నటి తెల్ల గీతలు తరచుగా జంటలు జంటలుగా మొదలై తోక దాకా వెళ్తాయి. వెన్ను మధ్యలో పొలుసులు పక్క పొలుసుల కంటే పెద్దవిగా, ఆరు పలకలతో వరుసగా కనిపిస్తాయి. నేను చూసింది తోడేలు పాము, విషం లేనిది, బల్లుల్ని తినేది. ఇళ్లలోకి వస్తుంది, కట్లపామనుకుని చాలామంది చంపేస్తారు. అయితే ఈ తేడా మీరు అక్కడికక్కడే టార్చి వెలుగులో తేల్చాలని కాదు. నల్ల పాము, తెల్ల పట్టీలు కనిపిస్తే ఎప్పుడైనా కట్లపామే అనుకుని దూరంగా ఉండాలి. తేల్చే పని ఫొటో మీద, పగలు, కుర్చీలో కూర్చుని చేసేది.

ఫొటోకు మంచి కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు. కప్పకైతే పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, వీలైతే వెనక కాలి వేళ్లు కనిపించేలా ఒకటి. వేళ్ల మధ్య పొర ఎంతవరకు ఉందో చూస్తే చాలా జాతులు తేలిపోతాయి. పాముకు మాత్రం దూరం నుంచి, ఎంత దొరికితే అంత. ఇంకా దగ్గరికి వెళ్లి తీయాలన్న ఆశ పుట్టినప్పుడు ఒక అడుగు వెనక్కి వేయండి.

రాత్రి వెతకడంలో ఒక చిన్న కిటుకు ఉంది. టార్చి నడుము దగ్గర పట్టుకుని నడిస్తే ఏమీ కనిపించదు. చెంప పక్కన, కంటి ఎత్తులో పట్టుకోవాలి. జంతువు కంటి మీద పడిన వెలుగు తిన్నగా వచ్చిన దారినే వెనక్కి వస్తుంది, అక్కడ మన కన్ను ఉంటేనే ఆ మెరుపు అందుతుంది. అలా పట్టుకోవడం నేర్చుకున్న రోజు గడ్డిలో చుక్కలు చుక్కలుగా కళ్లు వెలుగుతాయి. మొదట్లో వాటిలో ఎక్కువ సాలీళ్లవే, కంగారు పడకండి. తొండలు సన్నటి కొమ్మల చివర నిద్రపోతుంటాయి. ఊసరవెల్లి పగలు పక్కనే ఉన్నా దొరకదు. రాత్రి దాని ఒళ్లు పాలిపోయి ఉంటుంది, టార్చి వెలుగులో ఆకుల మధ్య తెల్లగా మెరుస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక చిన్న కర్ర పుల్లను కాలి వేళ్లతో గట్టిగా పట్టుకుని, తోకను సుడి చుట్టి, కళ్లు మూసుకుని నిద్రపోతోంది. టార్చి పక్కకు తిప్పేశాం. అంతసేపు వెలుగు వేసి లేపకూడదు.

ఫొటోలు ఎక్కడ పెట్టాలని అడుగుతారు. ఐనాచురలిస్ట్ ఉంది, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఉంది. రెండింటిలోనూ తెలిసినవాళ్లు పేరు సరిచూస్తారు. కానీ పెట్టేముందు ఒకటి చూడండి. కొండవీడు వైపు పొదల్లో నాకు ఒకసారి నక్షత్ర తాబేలు కనిపించింది. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని, అరచేతిలో ఇమిడేంత పిల్ల. ఆనందం పట్టలేక ఫోన్‌లోనే ఫొటో, చోటు పేరుతో సహా, అందరూ చూసేచోట పెట్టేశాను. కొన్ని వారాల తర్వాత అక్కడ మేకలు కాసే పెద్దాయన చెప్పాడు, ఎవరో బండి మీద వచ్చి తాబేళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగారని. వాళ్లు నా పోస్టు చూసే వచ్చారో లేదో నాకు ఎప్పటికీ తేలదు. ఆ పిల్ల తాబేలు మళ్లీ కనిపించలేదు. పెంచుకోవడానికని దొంగతనంగా అమ్మే జంతువుల్లో నక్షత్ర తాబేలు ముందు వరసలో ఉంటుంది. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే జాబితాలోకి ఎక్కించారు. ఐనాచురలిస్ట్‌లో చోటును మసకగా చూపించే ఏర్పాటు ఉంది. ప్రమాదంలో ఉన్న కొన్ని జాతులకు అది తనంతట తానే చేస్తుంది, మిగతావాటికి మనం చేసుకోవచ్చు. తాబేలు, ఉడుము, కొండచిలువ, ఊసరవెల్లి, వీటికి తప్పకుండా చేయండి. అసలు చోటు పరిశోధకులకు విడిగా ఇవ్వండి.

చట్టం సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం "వేట" అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం కూడా వేటే. ఉడుమూ కొండచిలువా మొదటి షెడ్యూల్లో, అంటే చట్టం అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే జాబితాలో ఉన్నాయి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. పరిశోధకుల బృందంతో వెళ్తే ఆ కాగితాలు వాళ్లు చూసుకుంటారు, మీ పేరు అందులో ఉందో లేదో ముందే అడగండి. ఉత్సాహం కొద్దీ నలుగురు స్నేహితులు కలిసి రాత్రి అడవిలోకి దూరడం మాత్రం వద్దు.

కప్పను ముట్టుకోవాల్సి వస్తే, అది కూడా పరిశోధకులు చెప్తేనే, చేతికి ఓడోమాస్ గానీ సన్‌స్క్రీన్ గానీ ఉండకూడదు. కప్ప చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది, మన చేతి మీద ఏముంటే అది లోపలికి పోతుంది. బూట్ల సంగతి ఇంకా ముఖ్యం. కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ అనే శిలీంధ్రం ప్రపంచంలో ఎన్నో జాతుల్ని దెబ్బతీసింది. మన దేశంలో పడమటి కనుమల కప్పల్లోనూ దాని ఆనవాళ్లు దొరికాయి. తడి బురదతో అది ఒక గుంట నుంచి ఇంకో గుంటకు ప్రయాణం చేయగలదు, మోసుకెళ్లేది మన కాళ్లే కావచ్చు. అందుకని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్లేముందు బురద మొత్తం బ్రష్‌తో తోమి, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టాలి. ఆ కడిగిన నీళ్లు గుంటకు దూరంగా పారబోయాలి. అర్ధరాత్రి అలసిపోయి ఉన్నప్పుడు ఈ పని ఎవరికీ చేయబుద్ధి కాదు. మా బృందంలో దీన్ని ఎవరైనా దాటవేస్తే నేను ఊరుకోను.

జాగ్రత్తల గురించి మీ అమ్మగారికి చెప్పడానికి కొన్ని మాటలు. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు, మందపాటి ప్యాంటు, రెండు టార్చిలు, ముందు నడిచేది అనుభవం ఉన్న మనిషి. ఒంటరిగా ఎవరూ పొదల్లోకి వెళ్లరు. రాళ్లు, దుంగలు చేత్తో ఎత్తరు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో ఏడాదికి సగటున 58,000 మంది పోయారని అంచనా. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. అయితే ఆ చావుల్లో ఎక్కువ భాగం పల్లెల్లో జరిగినవి. చెప్పులు లేకుండా పొలానికి వెళ్లేవాళ్లకు, కింద పడుకునేవాళ్లకు ఉండే ముప్పు, బూట్లు వేసుకుని, టార్చి వేసుకుని వరసలో నడిచేవాళ్లకు అంత ఉండదు. ఒకవేళ ఏదైనా జరిగితే తాడు కట్టడం, కోయడం, పసరు రాయడం ఏమీ వద్దు. కాటు పడిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి తిన్నగా ఆసుపత్రికి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది, కాబట్టి పామును పట్టి తీసుకెళ్లాల్సిన పని లేదు. దగ్గరలో ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో బయల్దేరే ముందే కనుక్కుని వెళ్తాం.

అయినా అమ్మగారు ఒప్పుకోకపోతే ఆవిడతో వాదించకండి. ఈ పనిలో సగం పగటిదే. నాకైతే పగటి పనులు చేసేవాళ్లే ఎక్కువమంది కావాలనిపిస్తుంది. తెల్లవారుజామున రోడ్డు మీద బండ్ల కింద పడి చనిపోయిన వాటిని లెక్కపెట్టడం ఒకటి. బాధగా ఉంటుంది, కానీ ఏ మలుపులో ఎక్కువ చస్తున్నాయో తెలిస్తేనే అక్కడ ఏదైనా చేయమని అడగగలం. కాకులూ కుక్కలూ వచ్చే లోపే వెళ్లాలి. ఫొటో, చోటు రాసుకున్నాక దాన్ని రోడ్డు పక్కకు జరపాలి, లేకపోతే రేపు మళ్లీ లెక్కలోకి వస్తుంది, దాన్ని తినడానికి దిగిన పక్షి కూడా బండి కింద పడుతుంది. కొండవీడు ఘాట్ రోడ్డు లాంటి చోట ఇద్దరు కలిసి చేయొచ్చు. హైవే మీద మాత్రం వద్దు, బండ్ల వేగం అలా ఉంటుంది. మూలపాడు సీతాకోకచిలుకల పార్కు వైపు వెళ్తే పగలు నలికిరీలు, తొండలు, బల్లులు చూస్తూ కన్ను అలవాటు చేసుకోవచ్చు. చెట్లకు కట్టే చిన్న రికార్డర్లు ఉంటాయి, ఆడియోమాత్ అని, రాత్రంతా చప్పుళ్లు రికార్డు చేస్తాయి. ఆ గంటల కొద్దీ రికార్డింగులు ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, ఎక్కడ ఏ కప్ప అరిచిందో గుర్తు పెట్టేవాళ్లు దొరకరు. ఇక నోట్‌బుక్‌లు కంప్యూటర్‌లోకి ఎక్కించి, తేదీలు కలవనివి, అంకెలు పొసగనివి పట్టుకునే పని ఉంది. బీకాం చదివి ఆడిటర్ దగ్గర పనిచేసే మనిషి దొరికిందని తెలిస్తే ఏ పరిశోధకురాలైనా మిమ్మల్ని వదలదు.

ఇంకొక పని మనం అనుకోకుండా మీద పడుతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, నీళ్లు తీసిన వారంలో నా ఫోన్‌కు వచ్చిన పాముల ఫొటోలు ఇన్నీ అన్నీ కావు. "ఇది విషపుదా? చంపమంటారా?" అని. ఆ బుడమేరు మైలవరం, కొండపల్లి కొండల వైపు నుంచి దిగి వచ్చేదే. నాకు వచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం నీరుకట్టెలు. కోపిష్టి పామే, కరుస్తుంది, కానీ విషం లేదు. బురదలో నిలబడి, సామానంతా పోయి ఏడుస్తున్న మనిషికి "ఇది నీరుకట్టె అమ్మా, తలుపు తీసి పెట్టండి, అదే పోతుంది" అని చెప్పగలిగినప్పుడు, ఇన్నేళ్ల రాత్రులకు అర్థం దొరికినట్టనిపించింది. అనుమానం ఉన్న ఫొటోలకు మాత్రం పట్టేవాళ్లను పిలవమనే చెప్పాను. ఆ ఫొటోలన్నీ తేదీ, వీధి పేరుతో నోట్‌బుక్‌లోకి ఎక్కించాం.

మీరు ఇప్పుడే కొండపల్లి దాకా రానక్కర్లేదు. మీ బ్రాడీపేటలోనే, ఇంటికి దగ్గర్లో వాన నీళ్లు నిలిచే ఖాళీ స్థలం ఒకటి చూసుకోండి. వారానికి రెండు రోజులు, ఒకే టైముకు, అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లి ఐదు నిమిషాలు నిలబడి వినండి. చిన్నప్పుడు కప్పతల్లి ఆటలో రోకలికి కప్పను కట్టుకుని ఇంటింటికీ తిరిగిన తరమైతే, ఆవిడకు ఏ కప్ప ఎలా అరుస్తుందో మీకంటే, నాకంటే బాగా తెలిసి ఉండొచ్చు, అడిగి రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఏమీ వినపడని రోజున కూడా తేదీ వేసి, టైము వేసి, సున్నా వేయండి. ఒక నెల అలా రాశాక ఆ పేజీల ఫొటోలు ఇక్కడే కింద పెట్టండి. ఆరుద్ర కార్తెకు ముందు మా బృందం అనుమతి కాగితాలు సిద్ధమవుతాయి, అప్పటికి మీ పేరు చేర్చాలో వద్దో మీరే చెప్పండి.